పీ0011 కోడ్, టోల్‌గేట్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోంది: 42 వేలు అంటున్నారు, నిజంగా అవసరమా?

కారం_గుంటూరు
2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, 82 వేలు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే మొదటి పేజీ అంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న గొడవతోనే సరిపోతుంది. ఉద్యోగం విజయవాడలో, ఇల్లు గుంటూరులో, కాబట్టి హైవే తిరుగుడు ఎక్కువ. ఊళ్లో తిప్పినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి ఎనభై తొంభైలో పోయి కాజ టోల్‌గేట్ దగ్గర స్లో చేసి క్లచ్ నొక్కితే చాలు, ఇంజిన్ వణుకుతుంది, ముల్లు 500 కిందకి పడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే అందుకోదు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుని కొడితే దగ్గుతూ లేస్తుంది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ఈలోపు ఫాస్టాగ్ బీప్ అని గేటు లేచి ఉంటుంది, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడు.
చెక్ ఇంజిన్ లైటు వెలిగాక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. స్కానర్ పెట్టారు, పీ0011 అన్నారు. "వీవీటీ పోయింది సార్, ఫేజరు, టైమింగ్ చైన్ కిట్టు మొత్తం మార్చాలి" అని 42 వేలకి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వీవీటీ అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటట, ఫేజరు దాంట్లో భాగమట. బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. ఇంతకంటే తక్కువలో తేలే మార్గం ఉందా, లేక కట్టేయడమేనా?

స్పానర్_బాబాయ్
బానెట్ ఎత్తకుండానే చైన్ కిట్టా! ఇంకా సంతకం పెట్టకండి. లోపలున్న ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని కిలోమీటర్ల కిందట మార్చారు, ఇప్పుడు డిప్‌స్టిక్ మీద ఎక్కడిదాకా ఉంది, ముందు ఇవి చెప్పండి. వీవీటీని తిప్పేది ఇంజిన్ ఆయిలే, కరెంటు దానికి దారి చూపిస్తుందంతే.

బైపాస్_బుల్లోడు
నాకూ ఇదే కోడ్ వచ్చింది బ్రో. కోడ్‌లు చదివే బ్లూటూత్ డాంగిల్ ఒకటి కొని ఎరేజ్ కొట్టా. మళ్లీ వస్తే మళ్లీ కొడతా. బండి బ్రహ్మాండంగా ఉంది. ఊరికే టెన్షన్ పడకండి.

స్పానర్_బాబాయ్
@బైపాస్_బుల్లోడు జ్వరమొస్తే థర్మామీటర్ విరగ్గొట్టే రకం మీరు.

బైపాస్_బుల్లోడు
జ్వరం తగ్గింది కదా బాబాయ్ 😂

లక్ష్మీ_ఈఈఈ
కోడ్ ఏం చెబుతుందో ఏం చెప్పదో చూద్దాం. మీకొచ్చింది పీ0011, పీ0010 కాదు. పీ0010 అయితే ఓసీవీకి, అంటే వీవీటీకి ఆయిల్ పంపే వాల్వుకి, వెళ్లే సర్క్యూట్‌లో లోపం: వైరు తెగిందో, కనెక్టర్ వదులైందో, కాయిల్ కాలిందో. అది లేదంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) లెక్కలో సర్క్యూట్ బాగానే ఉంది, కరెంటు వెళుతోంది, వాల్వుల్ని తెరిచే క్యామ్ మాత్రం రమ్మన్న చోటికి రావట్లేదు. ఎందుకు రావట్లేదన్నది ఆ కోడ్‌లో ఎక్కడా ఉండదు. ఫేజర్ మార్చమని అస్సలు ఉండదు. మీ సర్వీస్ సెంటర్ వాళ్లు దాన్ని కోడ్ కింద కాకుండా పార్ట్ నంబర్ కింద చదివినట్టున్నారు.

కారం_గుంటూరు
@స్పానర్_బాబాయ్ వారంటీ అయిపోయాక బయట గ్యారేజీలోనే సర్వీస్ చేయిస్తున్నాను. 20డబ్ల్యూ-40 పోశాడు, ఎండలకి చిక్కగా ఉండాలి సార్ అన్నాడు. పుస్తకంలో చూస్తే 5డబ్ల్యూ-30 అని ఉంది. మార్చి తొమ్మిది వేల కిలోమీటర్లు అయ్యుంటుంది. లెవెల్ రెండు గీతల మధ్యలో ఉంది. పనికొస్తుందో లేదో తెలియదు, మొన్న చలికాలంలో ట్యాపెట్ కవర్ దగ్గర ఆయిల్ కారుతుంటే అదే గ్యారేజీలో ప్యాకింగ్ వేయించాను. అంతకు మించి ఇంజిన్ జోలికి ఎవరూ పోలేదు.

స్పానర్_బాబాయ్
20డబ్ల్యూ-40 అనగానే నాకు దొంగ దొరికేశాడు.

రెంటచింతల_ఎండ
మొదలెట్టారా ఆయిల్ పురాణం. మా ఊళ్లో మే నెలలో 46 డిగ్రీలు కొడుతుంది. ఆ 5డబ్ల్యూలు, 0డబ్ల్యూలు నీళ్లలా ఉంటాయి, మా ఎండకి ఆగవు. నా బండిలో మొదటి నుంచీ 20డబ్ల్యూ-50నే, వీవీటీ ఉన్న బండే, లక్ష దాటింది, ఇంతవరకు కోడ్ మొహం చూడలేదు.

లక్ష్మీ_ఈఈఈ
@రెంటచింతల_ఎండ బయట 46 ఉన్నా 26 ఉన్నా, ఇంజిన్ వేడెక్కాక లోపల ఆయిల్ వంద డిగ్రీల దగ్గర్లోనే ఉంటుంది. ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూ తర్వాత ఉండే 30, 40, 50 ఆ వంద డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని బట్టి ఇచ్చిన గ్రేడే. మీ ఊరి ఎండ రేడియేటర్‌కి పరీక్ష, ఆయిల్ గ్రేడుకి పెద్దగా కాదు. మీ బండి బాగుండటం సంతోషమే, కానీ వేరే ఇంజిన్‌లో ఆయిల్ దారులు ఎంత సన్నవో, పంపు ఎంతదో మీ బండిని చూసి చెప్పలేం.

రెంటచింతల_ఎండ
లక్ష కిలోమీటర్లు తిరిగినవాడిని నేను, పుస్తకం చదివినవారు మీరు. కానివ్వండి.

లక్ష్మీ_ఈఈఈ
పుస్తకం రాసింది ఆ ఇంజిన్ తయారుచేసినవాళ్లే అండీ.

స్కోప్_మాస్టారు
ఆయిల్ గొడవ కాసేపు పక్కన పెట్టండి. కారం గారు మొదటి పోస్టులో రాసిన లక్షణంలోనే సగం జవాబుంది. సర్వీస్ సెంటర్‌లో ఎవరైనా ఆ నాలుగు మాటలు వింటే సరిపోయేది.
ఇన్‌టేక్ క్యామ్ చివర, చైన్ పడే స్ప్రాకెట్‌తో కలిసి ఫేజర్ ఉంటుంది. దాని లోపల రెక్కలున్న రోటరు, ప్రతి రెక్కకీ రెండు పక్కలా ఆయిల్ గదులు. ఒక పక్కకి ఆయిల్ తోస్తే క్యామ్ కొన్ని డిగ్రీలు ముందుకి తిరిగి వాల్వులు త్వరగా తెరుచుకుంటాయి. రెండో పక్కకి తోస్తే వెనక్కి వస్తుంది. ఎటు తోయాలన్నది ఓసీవీ పని, అంటే ఆయిల్ కంట్రోల్ వాల్వు. దాని లోపల చిన్న కడ్డీ లాంటి స్పూలు ఒకటి కాయిల్ లాగిన కొద్దీ అటూ ఇటూ జరుగుతుంది. మామూలు ఐడిల్‌లో ఇన్‌టేక్ క్యామ్ పూర్తిగా వెనక్కి వచ్చి లాక్ పిన్ను పడి కూర్చోవాలి. హైవే మీద ఓ మోస్తరు లోడ్‌లో పోయేటప్పుడు ఈసీయూ దాన్ని ముందుకి పంపిస్తుంది.
ఇప్పుడు టోల్‌గేట్ దగ్గరకి రండి. కాలు తీశారు, క్లచ్ నొక్కారు, ఈసీయూ వెనక్కి రమ్మంది, క్యామ్ రాలేదు. ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటుంది, కాలిన గ్యాసు వెనక్కి ఇన్‌టేక్‌లోకి తన్నుకొస్తుంది. వేగంలో ఆ ఓవర్‌లాప్ వల్ల మేలే జరుగుతుంది. ఐడిల్‌లో లోపలికొచ్చే గాలే కొంచెం, అందులో ఈ పాత గ్యాసు కలిస్తే మంట సరిగ్గా అంటుకోదు. ముల్లు పడిపోవడం, వణుకు, ఆగిపోవడం, మళ్లీ స్టార్ట్ కావడానికి యాక్సిలరేటర్ అడగడం, అన్నీ దీనికి సరిపోతున్నాయి. పీ0011 చెప్పేదీ అదే, క్యామ్ ఉండాల్సినదానికంటే ముందుంది అని. పీ0012 అయితే తలకిందులు: ఐడిల్ చక్కగా ఉంటుంది, పికప్ చచ్చిపోతుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సెకండ్ గేరు అడుగుతుంది.
చైన్ సాగితే, లేదా పన్ను జారితే, క్యామ్‌కీ, పిస్టన్లు తిప్పే క్రాంక్‌కీ లెక్క కుదరక చాలా వరకు పీ0016 కూడా తోడొస్తుంది. మీకు రాలేదు. కాబట్టి చైన్ నా జాబితాలో చిట్టచివర. ముందు ఆయిలు, తర్వాత ఓసీవీ, దాని జల్లెడ, ఆ తర్వాతే ఫేజరు. ఫేజరుకీ చైన్‌కీ టైమింగ్ కవర్ విప్పాలి, సగం ఇంజిన్ బయటకొస్తుంది, లేబరే బోలెడంత అవుతుంది. ఓసీవీకి చాలా బండ్లలో ఒక్క బోల్టు, ఒక కనెక్టరు, అంతే.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు మస్తు చెప్పిన్రు. నాది పీ0012నే ఉండె. కాజీపేట బ్రిడ్జి ఎక్కాలంటే ఏసీ బంద్ చేసుడే. ఆయిల్ మార్చినంక రెండు మూడు రోజులకి తనంతట తనే సెట్ అయింది, కోడ్ మళ్లా రాలే.

ఘాట్‌రోడ్_రైడర్
నాది ఇంకా సింపుల్ కేసు. తిరుమల ఎక్కుతుంటే లైటు వెలిగింది, కిందకి దిగాక డిప్‌స్టిక్ తీస్తే చివర్న తడి తప్ప ఏమీ లేదు. లీటరుకి పైనే పట్టింది. ప్రెషర్ లేకపోతే ఫేజర్ మాత్రం ఏం తిరుగుతుంది? అంత ఆయిల్ ఎటు పోయిందన్నది వేరే ఏడుపు, వాల్వ్ సీల్స్. దానికి ఇంకో పోస్టు పెడతా.

సిటీ_వీటెక్
వీవీటీ పోతే 4000 దాటాక ఆ కిక్ రాదు కదా? మా బండిలో ఆ కిక్ ఇప్పటికీ ఉంది, అంటే నాది బాగున్నట్టేనా?

స్కోప్_మాస్టారు
@సిటీ_వీటెక్ మీరు చెప్పే కిక్ వేరే సంగతి. వీటెక్‌లో ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర రాకర్ల మధ్య పిన్ను పడి ఇంకో పెద్ద క్యామ్ లోబు (వాల్వుని తోసే గుబ్బ) పనిలోకి వస్తుంది, వాల్వు ఎత్తు కూడా మారుతుంది. హోండా 1989లో తెచ్చింది అదే. ఇక్కడ మాట్లాడుకునేది ఉన్న లోబునే ముందుకీ వెనక్కీ తిప్పే పద్ధతి. దీంట్లో కిక్ ఏమీ ఉండదు, బాగున్నంతకాలం ఉన్నట్టే తెలియదు.

పాత_ఫియట్
అందుకే ఈ కంప్యూటర్ బండ్లంటే నాకు పడదు. పద్మినీకి ఇవన్నీ ఎక్కడున్నాయి? పాయింట్లు గీకి, గ్యాప్ పెట్టి బయల్దేరడమే.

స్పానర్_బాబాయ్
@పాత_ఫియట్ మీ ఇటలీ వాళ్లే మొదలెట్టారు స్వామీ. 1980లోనే ఆల్ఫా రోమియో స్పైడర్‌లో పెట్టారు. మన పద్మినీకి రాలేదంతే.

పాత_ఫియట్
అదృష్టవంతులం.

కారం_గుంటూరు
మాస్టారూ, ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు. బైపాస్ గారి లాంటి డాంగిల్ మా బావమరిది దగ్గర ఉంటే పెట్టి చూశాను. ఐడిల్‌లో టైమింగ్ అడ్వాన్స్ 12 డిగ్రీలు చూపిస్తోంది, రేస్ చేస్తే 30 దాటుతోంది. మీరన్న ప్రకారం ఐడిల్‌లో సున్నా ఉండాలి కదా, అంటే క్యామ్ అక్కడే ఇరుక్కున్నట్టేనా?

లక్ష్మీ_ఈఈఈ
కాదు కాదు, ఆగండి. ఆ యాప్‌లో టైమింగ్ అడ్వాన్స్ అంటే ఇగ్నిషన్‌ది, ప్లగ్గు ఎన్ని డిగ్రీల ముందు మండుతోందో ఆ లెక్క. క్యామ్‌కి సంబంధం లేదు. ఐడిల్‌లో 12 మామూలే. చాలామంది ఇక్కడే పొరబడి ఫేజర్ కొనేస్తారు. క్యామ్ యాంగిల్ చాలా బండ్లలో కంపెనీ సొంత డేటాలో ఉంటుంది, మామూలు ఫ్రీ యాప్‌లకి అందదు. మీ బండికి సరిపడే సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్ కావాలి. అందులో టార్గెట్, యాక్చువల్ అని రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి, ఆ రెంటి మధ్య తేడాయే మనకి కావాల్సింది.
డాంగిల్‌తో ఒక పని మాత్రం అవుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ తీయండి. కోడ్ పడిన క్షణాన ఆర్‌పీఎం, స్పీడు, కూలెంట్ వేడి ఎంతెంతో అందులో ఉంటాయి.

సెకండ్‌హ్యాండ్_సుబ్బు
నా 2009 బండికి డాంగిల్ పెడితే కనెక్టే కావట్లేదు, పాడైపోయిందా?

లక్ష్మీ_ఈఈఈ
@సెకండ్‌హ్యాండ్_సుబ్బు మన దేశంలో ఓబీడీ-2, అంటే ఈ డాంగిల్ చదివే కోడ్‌ల పద్ధతి, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో సాకెట్ ఆకారం అదే ఉన్నా లోపల మాట్లాడే భాష వేరే ఉండొచ్చు. డాంగిల్ తప్పు కాదు.

బైపాస్_బుల్లోడు
నేనూ ఆ అడ్వాన్స్ అంకె చూసే బండి బాగుందనుకుంటున్నా ఇన్నాళ్లూ 🙄

డాలస్_బావ
ఇక్కడ నా వీ6 బండికి పీ0021 వచ్చింది, అంటే బ్యాంక్ 2, వీ ఇంజిన్‌లో రెండో వరస సిలిండర్లు. డీలర్ దగ్గర లేబర్ రేటు వింటే మనం ఇండియా వెళ్లి చేయించుకుని రావచ్చనిపించింది. వీకెండ్‌లో నేనే రెండు బ్యాంకుల ఇన్‌టేక్ ఓసీవీలు అటుది ఇటు ఇటుది అటు మార్చి, కోడ్ చెరిపి తిప్పాను. ఈసారి పీ0011 వచ్చింది. వాల్వుతో పాటు జబ్బు కూడా బ్యాంకు మారింది! కొత్త వాల్వు ఒకటి తెచ్చి పెట్టా, అయిపోయింది. అసలు ఇది అందరూ ముందు చేయాల్సిన పని.

కాకినాడ_కాజా
బావగారూ, మా నాలుగు సిలిండర్లకి ఒకటే బ్యాంకు, అందులో అకౌంటు ఖాళీ.

లక్ష్మీ_ఈఈఈ
ఒక బ్యాంకే ఉన్నా ఎగ్జాస్ట్ పక్క కూడా వీవీటీ ఉన్న ఇంజిన్ అయితే రెండు ఓసీవీలుంటాయి. పార్ట్ నంబర్ ఒకటే అయితే మార్చి చూడొచ్చు, అప్పుడు జబ్బు ఎగ్జాస్ట్ క్యామ్ కోడ్ పీ0014 వైపు వెళుతుందో లేదో తెలుస్తుంది. నంబర్లు వేరైతే మాత్రం వద్దు, చూడ్డానికి ఒకేలా ఉండి లోపల రంధ్రాలు వేరుగా ఉంటాయి.

స్కోప్_మాస్టారు
కారం గారికి ఒకటే ఉంది కాబట్టి ఇంకో దారి. మీకు తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకుని చేయండి.
హైవే మీద పోయి, ఆ వణుకు మొదలయ్యాక బండి పక్కకి ఆపి, ఐడిల్‌లో ఉండగా ఓసీవీ కనెక్టర్ పీకండి. కరెంటు లేకపోతే స్ప్రింగు స్పూలుని వెనక్కి తోస్తుంది, మామూలుగా క్యామ్ వెనక్కి రావాలి. పీకగానే ఇంజిన్ కుదుటపడితే అనుమానం ఈసీయూ, వైరింగ్ వైపు వెళుతుంది. పీకినా వణుకు అలాగే ఉంటే స్పూలో ఫేజరో ఎక్కడో పట్టేసింది. పీకితే పీ0010 వస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి, తర్వాత చెరిపేయొచ్చు.
రెండోది, ఇంజిన్ బాగున్నప్పుడు, అదే ఐడిల్‌లో, కనెక్టర్ తీసేసి ఓసీవీకి బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసిన వైర్లతో 12 వోల్టులు ఇవ్వండి. ఒకటి రెండు సెకన్లే, ఎక్కువసేపు పెడితే కాయిల్ కాలుతుంది. ఇంజిన్ వెంటనే వణకాలి, ఆగిపోయినా మంచిదే. అలా జరిగితే వాల్వు, ఆయిల్ దారి, ఫేజరు మూడూ కదులుతున్నట్టే. ఏమీ కాకపోతే ఓసీవీ బయటికి తీసి చేతిలో పట్టుకుని మళ్లీ కరెంటు ఇచ్చి స్పూలు జరుగుతోందో లేదో కంటితో చూడండి.

లక్ష్మీ_ఈఈఈ
మల్టీమీటర్ ఉంటే చల్లగా ఉన్నప్పుడు కాయిల్ ఓంలు కూడా చూడండి. టయోటా పాత ఇంజిన్ల మాన్యువల్స్‌లో 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 అని ఉంటుంది, వేరే కంపెనీలవి కొంచెం ఎక్కువ ఉండొచ్చు. కానీ పీ0011కి ఓంలు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఓంలు బాగున్నాయి కాబట్టి వాల్వు బాగుందనుకోకండి.

ఒంగోలు_గిత్త
ముందు వైర్లు చూడండి సామీ. నాకు పీ0340 వచ్చి క్యామ్ సెన్సర్ మార్పించేశారు, మళ్లీ వచ్చింది. చివరికి చూస్తే సెన్సర్ వైరు మీద తోలు మొత్తం ఎలుక కొరికేసింది. ఇప్పుడు బానెట్ కింద పొగాకు కాడలు మూటకట్టి వేలాడదీశా. మా జిల్లాలో పొగాకుకి కొదవ లేదు కదా.

కాకినాడ_కాజా
ఎలుక మానేసిందా?

ఒంగోలు_గిత్త
మానేసింది. మా డ్రైవరే మొదలెట్టాడు.

కాకినాడ_కాజా
😂😂 నవ్వాక నా గోల కూడా వినండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టైమింగ్ కవర్ వైపు నుంచి గరగరమని చప్పుడు, రెండు సెకన్లలో పోతుంది. కోడ్ ఏమీ లేదు. ఇదీ వీవీటీయేనా?

స్కోప్_మాస్టారు
అయ్యుండొచ్చు. రాత్రంతా ఆయిల్ కిందకి దిగిపోతుంది. లాక్ పిన్ను అరిగితే, ప్రెషర్ ఎక్కేదాకా రోటరు వదులుగా కొట్టుకుంటుంది. చైన్ టెన్షనర్ కూడా ఆయిల్‌తో పనిచేసేదే అయితే అదీ ఇలాగే అరుస్తుంది, చెవితో రెండూ వేరు చేయడం కష్టం. ముందు ఆయిల్ ఫిల్టర్ మంచిది వేయండి. లోపల ఆయిల్ కిందకి జారకుండా ఆపే యాంటీ డ్రెయిన్ వాల్వు సరిగా లేని ఫిల్టర్ వల్ల కూడా చప్పుడొస్తుంది, అన్నిటికంటే చవకైన పరీక్ష అదే.

కారం_గుంటూరు
అప్‌డేట్. ఆదివారం ఆటోనగర్‌లో తెలిసినాయన్ని పట్టుకుని హైవే మీదకి తీసుకెళ్లాను. వణుకు మొదలవగానే ఆయన బానెట్ ఎత్తి కనెక్టర్ పీకాడు. ఏ మార్పూ లేదు, అలాగే వణికింది, అలాగే ఆగింది. ఓంలు 7.4, మేడమ్ చెప్పినట్టే బాగానే ఉన్నాయి. ఆయన స్కానర్‌లో నా బండి సాఫ్ట్‌వేర్ ఉంది. టార్గెట్ 0 అంటుంటే యాక్చువల్ 19 దగ్గర కదలకుండా కూర్చుంది. షెడ్డుకి వచ్చి ఓసీవీ విప్పాడు. ఫొటో పెట్టడం రావట్లేదు, రాస్తాను: వాల్వు మెడ చుట్టూ సన్నటి స్టీలు జల్లెడ ఉంది, దానికి సగానికి పైగా బూడిదరంగు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. కార్బన్ అనుకున్నాను. గోటితో లాగితే రబ్బరులా సాగింది. జల్లెడ ఒక అంచున చిరిగి ఉంది. 12 వోల్టులు ఇస్తే స్పూలు వెళ్లింది, తీసేస్తే పూర్తిగా వెనక్కి రాలేదు. టూత్‌పిక్‌తో కెలికితే రంధ్రం అంచు నుంచి అలాంటిదే ఇంకో ముక్క, బియ్యపు గింజలో సగం ఉంటుంది, బయటపడింది.

స్పానర్_బాబాయ్
సిలికాన్ పేస్ట్! ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ వేయించానని మీరే రాశారు కదా. అచ్చంగా ఆ పనే. కొత్త రబ్బరు ప్యాకింగ్ వేస్తే మూలల దగ్గర చుక్క పేస్ట్ చాలు. మనవాళ్లు కవర్ చుట్టూ టూత్‌పేస్టులా పిండుతారు. బిగించగానే బయటికి వచ్చినంతా తుడుస్తారు, లోపలికి వచ్చినంతా ఎవరు తుడవాలి? అది గట్టిపడి తునిగి ఆయిల్‌తో తిరుగుతుంది.

రెంటచింతల_ఎండ
అంటే 20డబ్ల్యూ-40 దొంగ కాదన్నమాట. పై పోస్టు కొంచెం చదువుకోండి బాబాయ్.

స్పానర్_బాబాయ్
దొంగ కాదు, కానీ ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు. 5డబ్ల్యూ-30నే పోయించండి.

రెంటచింతల_ఎండ
🙏

పాత_ఫియట్
గ్యారేజీ వాడిని అడిగారా?

కారం_గుంటూరు
అడిగాను. "పేస్ట్ వేయకపోతే మళ్లీ కారుతుంది సార్" అన్నాడు. కొత్త ఓసీవీ 2,900, ఓ-రింగు, ఆయిలు, ఫిల్టరు, లేబరు అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది. బిగించాక స్కానర్‌లో చూస్తే ఐడిల్‌లో 0కి 0, 2500 దగ్గర టార్గెట్ 22కి యాక్చువల్ 21, 22 మధ్య ఆడుతోంది. కాలు తీయగానే దిగిపోతోంది. మొన్న టోల్‌గేట్ దాటాను, ఏమీ కాలేదు. ఇంజిన్ ఫ్లష్ కూడా వేయమంటారా? ఆటోనగర్ ఆయన వేద్దామన్నాడు.

డాలస్_బావ
వేయండి, డబ్బా ఎంతని, లోపలంతా శుభ్రం అవుతుంది.

స్కోప్_మాస్టారు
వద్దు. ఫ్లష్‌కి సిలికాన్ కరగదు. ఉన్న జిడ్డు మాత్రం ఒక్కసారిగా ఊడొచ్చి ఆయిల్ పంపు స్ట్రెయినర్ దగ్గర చేరితే ప్రెషరే పడిపోతుంది. సంపు, అంటే ఇంజిన్ కింద ఆయిల్ తొట్టి, దింపించి స్ట్రెయినర్ కంటితో చూడండి. జల్లెడకి అంత పట్టిందంటే కింద ఇంకెంత ఉందో. పైన ట్యాపెట్ కవర్ కూడా విప్పించి మిగిలిన పేస్ట్ గీకించండి, లేకపోతే కొత్త వాల్వుకీ ఇదే గతి.

డాలస్_బావ
సంపు దింపితే మళ్లీ బిగించడానికి పేస్టే కదా వేస్తారు మాస్టారూ 😀

స్కోప్_మాస్టారు
వేస్తారు. సన్నటి గీతలా వేయాలి, పక్కన నిలబడి చూడండి. గీత మూడు మిల్లీమీటర్లు దాటితే చెయ్యి పట్టుకోండి.

కారం_గుంటూరు
సంపు దింపించాను. స్ట్రెయినర్ మీద నాలుగైదు ముక్కలున్నాయి, మూసుకుపోలేదు. పైన కవర్ లోపలి అంచంతా గీకించాను, చిన్న గిన్నెడు వచ్చింది. ఈసారి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నా, ఆయనకి చిరాకేసినా సరే. సర్వీస్ సెంటర్ నుంచి ఎస్టిమేట్ అప్రూవ్ చేస్తారా అని ఇంకా ఫోన్లు వస్తున్నాయి.

బైపాస్_బుల్లోడు
నేనూ ఓసీవీ తీయించా. జల్లెడ శుభ్రంగానే ఉంది, స్పూలు మాత్రం నల్లటి జిడ్డుతో బిగుసుకుపోయింది, కార్బ్ క్లీనర్ కొడితే కదిలింది. మైలేజీ పెరిగిందనిపిస్తోంది, లేదా నా భ్రమ.

స్పానర్_బాబాయ్
ట్యాంకు ఫుల్ చేసి లెక్క వేసి చెప్పు తమ్ముడూ, భ్రమ సంగతి అప్పుడు చూద్దాం.

సెకండ్‌హ్యాండ్_సుబ్బు
ఇంకో డౌటు. కొత్తగా చూసిన బండికి పీ0016 ఉంది, అమ్మేవాడు "ఓసీవీ మారిస్తే పోతుంది" అంటున్నాడు. కొనొచ్చా?

స్కోప్_మాస్టారు
పీ0016కి ఆ మాట నమ్మకండి. క్యామ్, క్రాంక్ సెన్సర్ల తరంగాలు, వాటిని గీసి చూపించే స్కోప్‌లో ఒకేసారి తీయించి, అదే ఇంజిన్ బాగున్న బండి తరంగంతో పోల్చి చూడాలి. క్రాంక్ స్ప్రాకెట్‌కి 18 పళ్లుంటే ఒక్క పన్ను జారినా క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలు తేడా, స్కోప్‌లో దాగదు. సాగిన చైన్ అయితే తేడా అంతకంటే తక్కువే ఉంటుంది, అయినా కనిపిస్తుంది. అమ్మేవాడు స్కోప్‌కి ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి. దీనికి కొత్త చర్చ తెరవండి సుబ్బు గారూ, అక్కడ మాట్లాడదాం.